యంత్రం పక్కన మనిషి ఉండాలి



కార్యదర్శిగారు మాకు ఇచ్చిన అంశం 'పేద దేశాల అభివృద్ధిలో సమాచార సాంకేతిక విజ్ఞానం' అని. ఇంత బరువైన పేరు విని మొదట వెనుకాడాము. మేము ఉర్దూ మాధ్యమంలో పాఠాలు చెప్పుకొనే వాళ్ళం. చాక్‌పీసు, నల్లబల్ల మా పనిముట్లు. పైగా మన సంఘంలో ఉర్దూ చదవలేని కుటుంబాలే ఎక్కువ గనుక తెలుగులోనే వ్రాసుకొని రమ్మన్నారు. తప్పులుంటే మన్నించగలరు. అయితే ఆలోచించగా ఈ అంశం ఎక్కడో దూరాన లేదనీ, మన గుమ్మంలోకే వచ్చి కూర్చున్నదనీ తోచింది. అందుకే ఒప్పుకున్నాము.

ముందుగా మా సొంత అనుభవం ఒకటి మనవి చేస్తాము. 2018లో మా బడిలో తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు పెట్టింది. తండ్రి సైకిళ్ళు బాగుచేస్తాడు, తల్లి మిషను కుడుతుంది. ఫారం కంప్యూటరులోనే నింపాలి గనుక బజారులో ఒక ఇంటర్నెట్ దుకాణంలో డబ్బిచ్చి నింపించారు. ఆ అమ్మాయి ఇంటిపేరు షేక్. ఉర్దూలో ఆ మాట ఒకే విధంగా వ్రాస్తాము, తెలుగులోనూ ఒకే విధంగా వ్రాస్తాము. ఇంగ్లీషులో మాత్రం నాలుగైదు విధాలుగా వ్రాస్తారు. బడి రిజిస్టరులో ఒక స్పెల్లింగు, ఆధార్‌లో మరొకటి, బ్యాంకు పుస్తకంలో ఇంకొకటి. మనిషి చూస్తే ముగ్గురూ ఒకరే అని తెలుసుకుంటాడు. యంత్రం చూస్తే ముగ్గురు వేరు వేరు మనుషులు! దరఖాస్తు సరిదిద్దమని తిరిగి వచ్చింది. ఆ సంగతి ఫోనుకు మెసేజీగా వెళ్ళింది. ఎవరి ఫోనుకు? ఫారంలో దుకాణం వాడు తన నంబరే వేసుకున్నాడు. వాడికి రోజూ అలాంటివి ఎన్నో వస్తాయి, చూడలేదు. గడువు దాటిపోయింది.

"మాస్టర్ సాబ్, మా ఫోనుకు ఏమీ రాలేదు" అని ఆ తల్లి వచ్చి అడిగిన రోజున మాకు జవాబు దొరకలేదు. ఎందుకంటే బడి తరఫున ఆ ఫారం పరిశీలించవలసినది మేమే. పేరు, తరగతి చూశాం గాని ఫోను నంబరు ఎవరిదని అడగలేదు. దుకాణం వాడిది ఒక తప్పు, మాది ఒక తప్పు. ఆ డబ్బు పెద్ద మొత్తమేమీ కాదు. కాని ఆ ఇంట్లో అది ఫీజు, పుస్తకాలు, ఒక జత బట్టలు. పది పాసయిన తరువాత ఆ అమ్మాయి ఏడాది పాటు కాలేజీకి వెళ్ళకుండా తల్లితో కలిసి మిషను ముందు కూర్చుంది. ఆ డబ్బు ఒక్కటే కారణమని మేము అనము. కాని అది కారణమే కాదని అనడానికి మా మనసు ఒప్పుకోదు.

ఇప్పుడు లోకం సంగతికి వద్దాం. ప్రపంచ జనాభాలో 260 కోట్ల మంది ఇంటర్నెట్ వాడటం లేదని 2024లో అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ లెక్క చెప్పింది. మిక్కిలి పేద దేశాలలో నూటికి 27 మంది మాత్రమే వాడుతున్నారట. ఇది చూచి కొందరు 'ఇంకేముంది, తీగలు వేయండి, టవర్లు కట్టండి, కంప్యూటర్లు పంచండి, పేదరికం పోతుంది' అంటారు. మరికొందరు 'అన్నం లేనివాడికి కంప్యూటరు ఎందుకు?' అంటారు. ఈ రెండు మాటలూ సగం సగమే నిజం. ఎక్కడ పని జరిగిందో, ఎక్కడ జరగలేదో చూస్తే అసలు సంగతి తెలుస్తుంది.

మొదట మన పొరుగున ఉన్న బంగ్లాదేశ్ సంగతి చూద్దాం. ఇక్బాల్ ఖాదిర్ అనే ఆయన 1971లో, అక్కడ యుద్ధం జరిగే రోజుల్లో, చిన్న పిల్లవాడు. పట్నం విడిచి కుటుంబమంతా పల్లెలో తలదాచుకుంది. ఇంట్లో మందు అవసరమై తల్లి ఈయనను వేరే ఊరికి పంపింది. పొద్దున బయలుదేరి నడిచి నడిచి ఆ ఊరు చేరితే మందులిచ్చే మనిషి లేడు. మధ్యాహ్నమంతా నడిచి ఉత్త చేతులతో ఇంటికి వచ్చాడు. ఒక్క మాట ముందుగా తెలిసి ఉంటే ఒక రోజు వృథా అయ్యేది కాదు కదా! తరువాత ఆయన అమెరికా వెళ్ళి పెద్ద ఉద్యోగంలో చేరారు. 1993లో ఒక రోజు ఆఫీసులో కంప్యూటర్లు పనిచేయక అందరూ ఖాళీగా కూర్చుంటే చిన్ననాటి ఆ నడక గుర్తుకు వచ్చిందట. పేదవాడికి కబురు అందకపోవడం అంటే వాడి శ్రమ మట్టిలో కలవడమే అని గ్రహించి, స్వదేశం వచ్చి, ముహమ్మద్ యూనుస్ గారి గ్రామీణ బ్యాంకుతో చేయి కలిపారు. 1997లో గ్రామీణ్‌ఫోన్ మొదలయింది.

ఆ పద్ధతి ఏమిటంటే, పల్లెలో ఒక స్త్రీకి బ్యాంకు అప్పు ఇస్తుంది. ఆమె ఒక సెల్ ఫోను కొంటుంది. ఊరివాళ్ళు ఆమె ఇంటికి వచ్చి మాట్లాడుకొని డబ్బు ఇస్తారు. ఢాకాలో పంట ధర ఎంత పలుకుతోందో రైతు కనుక్కుంటాడు. గల్ఫులో ఉన్న కొడుకుతో తల్లి మాట్లాడుతుంది. కువైట్‌కు, సౌదీకి బిడ్డలను పంపిన మన కడప, రాయచోటి కుటుంబాలకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. అలాంటి 'ఫోను అమ్మలు' లక్షల సంఖ్యకు చేరారు. తరువాత ఫోన్లు చౌకయి ఇంటింటికీ రావడంతో వారి ఆదాయం తగ్గిపోయింది. అది నిజమే. కాని ఫోను అంటే తెలియని రోజుల్లో దాన్ని పట్టుకొని నంబరు నొక్కి చేతికిచ్చినది ఎవరు? ఊరికి తెలిసిన ఒక ఆడమనిషి. యంత్రం పక్కన మనిషి ఉంది.

రెండవది ఆఫ్రికాలోని కెన్యా దేశం. అక్కడ 2007 మార్చిలో సఫారీకామ్ అనే ఫోను కంపెనీ 'ఎం-పెసా' అనే ఏర్పాటు ప్రారంభించింది. పెసా అంటే వారి స్వాహిలీ భాషలో డబ్బు. మన పైసాకు చుట్టమే ఆ మాట. పట్నంలో కూలి చేసుకొనేవాడు ఇంటికి డబ్బు పంపాలంటే అంతకుముందు బస్సు డ్రైవరు చేతికో, ఊరు వెళ్ళే బంధువు చేతికో ఇచ్చి పంపవలసి వచ్చేది. చేరితే చేరినట్టు, లేకపోతే లేదు. ఇప్పుడు వీధి చివరి దుకాణంలో రొక్కం కడతాడు, దుకాణదారు అతని ఫోను ఖాతాలో జమ చేస్తాడు, అతను మెసేజీతో భార్య ఫోనుకు పంపుతాడు, ఆమె పల్లెలో మరో దుకాణానికి వెళ్ళి రహస్య సంఖ్య నొక్కి రొక్కం తీసుకుంటుంది. దీనికి ఖరీదైన ఫోను అక్కరలేదు, బ్యాంకు ఖాతా అక్కరలేదు. 2016లో తవ్‌నీత్ సూరి, విలియం జాక్ అనే ఇద్దరు ఆర్థిక శాస్త్రజ్ఞులు లెక్క కట్టి, దీనివల్ల 1,94,000 కుటుంబాలు మిక్కిలి పేదరికం నుండి బయటపడ్డాయని చెప్పారు. స్త్రీల ఆధ్వర్యంలో నడిచే కుటుంబాలకు మేలు మరింత ఎక్కువగా జరిగిందట. ఇక్కడ కూడా గమనించండి. అందరూ ఫోనును పొగుడుతారు. కాని ఆ ఫోను వెనుక ఊరూరా నమ్మకంగా కూర్చున్న చిన్న దుకాణదారు లేకపోతే ఆ డబ్బు అంకెగానే ఉండిపోయేది, అన్నం అయ్యేది కాదు.

మన దేశంలో కేరళ సంగతి కూడా ఒక మాట చెప్పుకుందాం. 1997 నుండి 2001 మధ్య అక్కడి ఉత్తర తీరంలో సెల్ ఫోన్లు వచ్చాయి. అంతకుముందు కవళ్ళ చేపలు పట్టే పడవలు తమ రేవుకే వచ్చేవి. ఆ రోజు పడవలు ఎక్కువైతే కొనేవాడు లేక చేపలను పారబోసేవారు. అదే సమయానికి కొద్ది మైళ్ళ దూరంలోని మరో రేవులో చేప దొరక్క జనం తిరిగిపోయేవారు. ఫోన్లు వచ్చాక సముద్రం మీది నుండే ఏ రేవులో ధర ఉందో అడిగి అటు వెళ్ళసాగారు. రాబర్ట్ జెన్సెన్ అనే పరిశోధకుడు 2007లో ప్రకటించిన లెక్క ప్రకారం చేపలు పారబోయడం దాదాపు ఆగిపోయింది, బెస్తవారి లాభం సగటున నూటికి 8 పెరిగింది, కొనేవారికి ధర నూటికి 4 తగ్గింది. ఇద్దరికీ లాభమే. అక్కడ మాత్రం మధ్యలో మరో మనిషి అవసరం రాలేదు. ఎందుకంటే బెస్తవానికి తాను ఏమి అడగాలో తెలుసు, అవతల జవాబు చెప్పేవాడూ అతని భాషవాడే.

ఇక పని జరగని చోటు చూద్దాం. దక్షిణ అమెరికాలో పెరూ దేశం ఉంది. 'పిల్లవాడికొక ల్యాప్‌టాప్' అనే పథకం కింద ఆ దేశం 8 లక్షలకు పైగా చిన్న కంప్యూటర్లు కొని పిల్లలకు పంచింది. ఉద్దేశం మంచిదే. కాని పల్లె బడులలో ఇంటర్నెట్ సరిగా లేదు, ఉపాధ్యాయులకు తగిన శిక్షణ లేదు. 2012లో అంతర అమెరికా అభివృద్ధి బ్యాంకు పరిశీలన జరిపిస్తే, లెక్కల్లోనూ భాషలోనూ ఆ పిల్లల మార్కులు ఏమీ పెరగలేదని తేలింది. యంత్రం వచ్చింది. పక్కన మనిషిని తయారు చేయలేదు.

ఇది వింటుంటే మాకు మన రాష్ట్రంలోనే జరిగిన పాత సంగతి ఒకటి జ్ఞాపకం వస్తుంది. మేము అప్పటికి పుట్టలేదు. ఇక్కడున్న పెద్దలు కొందరు కళ్ళారా చూచి ఉంటారు. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు అమెరికావారి ఉపగ్రహం సాయంతో మన ఇస్రోవారు ఆంధ్రప్రదేశ్‌తో సహా 6 రాష్ట్రాలలో దాదాపు 2,400 పల్లెలకు టెలివిజన్ చూపించారు. కోళ్ళ దొడ్డికి కట్టే తీగ వలతో గొడుగు వంటి ఏంటెన్నా చేసి, బడి దగ్గరో పంచాయతీ ఆఫీసు దగ్గరో పెట్టె పెట్టారు. పొద్దున బడిపిల్లలకు, సాయంత్రం వ్యవసాయం, ఆరోగ్యం గురించి పెద్దలకు. మన పల్లెలకు తెలుగులోనే వచ్చింది. ఆ పెట్టెలు చెడిపోతే బాగుచేసే మనుషులను ముందే ఏర్పాటు చేశారు. సెలవుల్లో అదే టెలివిజన్ ద్వారా వేలాది ఉపాధ్యాయులకు సైన్సు బోధనలో శిక్షణ ఇచ్చారు. యాభై ఏళ్ళ కిందట, కరెంటే సరిగా లేని పల్లెలలో, భాష గురించి, మరమ్మతు గురించి, మాస్టరు గురించి ఇంత ఆలోచించారు. ఇవాళ ప్రతి జేబులో టెలివిజన్ ఉంది. ఆ ఆలోచన మాత్రం తక్కువయింది.

ఎందుకంటున్నామో చెప్తాము. 2020 మార్చిలో కరోనా వల్ల బడులు మూశారు. పాఠాలు ఫోనులో వినమన్నారు. మేము మా తరగతి పిల్లల ఇళ్ళకు వెళ్ళి చూచాము. చాలా ఇళ్ళల్లో ఫోను ఒక్కటే. అది తండ్రి జేబులో ఉంటుంది. సాయంత్రం ఆయన వచ్చాక ముందు పెద్దబ్బాయి చేతికి పోతుంది. తరువాత చిన్నబ్బాయి. అమ్మాయి వంతు వచ్చేసరికి బ్యాటరీ ఉండదు, లేదా బ్యాలెన్సు ఉండదు, లేదా "ఇంత రాత్రి ఫోను ఏమిటి?" అని గద్దింపు ఉంటుంది. ఇది ఒక్క మన మొహల్లా సంగతి కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేవారు 2019లో మన ఆంధ్రప్రదేశ్‌లో అడిగితే, ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడామన్న పురుషులు నూటికి 49 మంది, స్త్రీలు 21 మంది. పేద దేశం, ధనిక దేశం అని తేడా చెప్పుకుంటున్నాం. ఒకే కప్పు కింద కూడా ఒక పేద దేశం ఉందని ఒప్పుకోవాలి.

'ఫోను పిల్లలను చెడగొడుతుంది' అని పెద్దలు అంటారు. ఆ భయం ఉత్తుత్తిది కాదు. మేమూ తండ్రులమే. కాని ఆ భయంతో అబ్బాయికి ఇచ్చి అమ్మాయికి ఆపితే అది జాగ్రత్త అనిపించుకోదు. మన దీన్‌లో మొట్టమొదటి ఆజ్ఞ చదువు గురించే వచ్చిందని ప్రతి జలసాలో చెప్పుకుంటాము. ఆ ఆజ్ఞ మగపిల్లలకు మాత్రమే అని ఎవరూ చెప్పలేదు.

భాష గురించి కూడా ఒక మాట. మా ఉర్దూ లిపి నస్తాలీఖ్ వంకర తిరిగి, ఒకదానిమీద ఒకటి వాలి ఉంటుంది. అచ్చు అక్షరాలకు లొంగలేదు. అందుచేత దశాబ్దాల పాటు ఉర్దూ పత్రికలను కాతిబులు చేత్తో వ్రాసేవారు. 1927లో మద్రాసులో మొదలైన 'ముసల్మాన్' పత్రిక కంప్యూటర్ల కాలంలో కూడా చేతివ్రాతతోనే వచ్చింది. ఉర్దూ యంత్రానికి పనికిరాదని అనేవారు. చివరకు పాకిస్తాన్‌లో మీర్జా అహ్మద్ జమీల్ అనే కాతిబు, అక్షరాలు కలిసే వేలాది రూపాలను తన చేత్తో వ్రాసి, ఇంగ్లండు కంపెనీవారితో కూర్చొని, 1981లో 'నూరీ నస్తాలీఖ్' అనే అక్షరాలను యంత్రానికి నేర్పారు. ఇవాళ మా పిల్లలు ఫోనులో ఉర్దూ వ్రాస్తున్నారంటే ఆ దారి వేసిన వారిలో ఆయన ఒకరు. ఇంజనీరు ఒక్కడే చేయలేదు. కాతిబు పక్కన కూర్చున్నాడు. మన భాష, మన పేరు యంత్రానికి తెలియాలంటే మనవాడొకడు దాని పక్కన కూర్చోవాలి. లేకపోతే షేక్ అనే ఒక్క పేరు ముగ్గురు మనుషులవుతుంది.

ఇంతవరకు విన్నవారు 'అయితే ఇప్పుడేం చేయాలి?' అని అడుగుతారు. సంఘం వారిని మేము కంప్యూటర్లు కొనిపెట్టమని అడగము. ఒక బల్ల, నాలుగు కుర్చీలు, ఒక ప్రింటరు, కొన్ని కాగితాలు చాలు. ఫోన్లు అందరి దగ్గరా ఉన్నాయి. కావలసినది మనుషులు.

మొదటిది. ప్రతి ఆదివారం ఉదయం 10 గంటల నుండి 1 గంట వరకు ఈ హాలులో ఒక బల్ల వేద్దాం. కాలేజీలో చదివే మన పిల్లలు, ఇద్దరు అబ్బాయిలు, ఇద్దరు అమ్మాయిలు, వంతులవారీగా కూర్చుంటారు. స్కాలర్‌షిప్, పింఛను, హజ్ దరఖాస్తు, పరీక్ష ఫీజు, ఏదైనా సరే నింపి పెడతారు. ఒకే ఒక నియమం. చివరి బటను నొక్కేముందు ఫారమంతా తెలుగులోనో ఉర్దూలోనో దరఖాస్తుదారుకు చదివి వినిపించాలి. ఫోను నంబరు వారిదే వేయాలి. అచ్చు కాగితం ఒకటి వారి చేతిలో పెట్టాలి.

రెండవది. ఐదో తరగతి దాటిన ప్రతి బిడ్డ పేరునూ ఒకసారి సరిచూద్దాం. పుట్టిన తేదీ పత్రం, బడి రిజిస్టరు, ఆధార్, బ్యాంకు పుస్తకం, ఈ నాలుగింటిలోనూ ఇంగ్లీషు స్పెల్లింగు ఒకటే ఉండాలి. పదో తరగతి సర్టిఫికెట్ అచ్చయ్యాక మార్చుకోవడం ఎంత తిప్పలో తిరిగినవారికి తెలుసు. అది అచ్చు కాకముందే దిద్దుకోవాలి. దీనికి ఖర్చు దాదాపు లేదు. ఓపిక కావాలి.

మూడవది. తల్లులకు, అక్కచెల్లెళ్ళకు వేరుగా నాలుగు వారాల తరగతి పెడదాం. చెప్పేవారు కూడా స్త్రీలే. మెసేజీ చదవడం, ఖాతాలో ఎంత ఉందో చూచుకోవడం, గల్ఫులో ఉన్నవారికి కాగితం ఫోటో తీసి పంపడం, ఓటీపీ ఎవరికీ చెప్పకూడదన్న సంగతి, మోసపోతే వెంటనే 1930 నంబరుకు ఫోను చేయడం, ఇంతే పాఠ్యాంశం. ఈ అయిదు వచ్చిన ఇంట్లో డబ్బు నిలుస్తుంది.

నాలుగవది సంఘం చేయవలసినది కాదు, ఇంటి పెద్దలు చేయవలసినది. రోజుకు ఒక గంట ఇంట్లో ఫోను అమ్మాయి చదువుకు కేటాయించండి. పక్కన తల్లి కూర్చోవచ్చు, నానమ్మ కూర్చోవచ్చు. కాపలాకే కాదు, కూడా నేర్చుకోవడానికి.

పెద్ద పెద్ద దేశాల మాటలు మొదలుపెట్టి చివరకు ఒక బల్ల దగ్గరికి వచ్చామని మీకు నవ్వు రావచ్చు. కాని బంగ్లాదేశ్‌లో జరిగినదీ ఒక ఇంటి గుమ్మంలోనే. కెన్యాలో జరిగినదీ ఒక వీధి దుకాణంలోనే. అభివృద్ధి అనేది ఉపగ్రహంలో వచ్చినా, చివరి పది అడుగులు మనిషి చేత్తోనే ఇల్లు చేరుతుంది.

ఆ అమ్మాయి సంగతి అడుగుతారేమో. ఏడాది తరువాత ఇంటర్‌లో చేరింది, పూర్తి చేసింది. ఇప్పుడు మిషనూ కుడుతోంది, డిగ్రీ కూడా చదివింది. ఆదివారం బల్ల దగ్గర కూర్చోవడానికి ఎవరు వస్తారని అడిగితే మొదట ఒప్పుకున్నది ఆమే. "ఫోను నంబరు మాత్రం నేనే చూస్తాను మాస్టర్ సాబ్" అంది. రెండవ పేరు మాది వ్రాసుకోండి. మా బాకీ అక్కడ ఉంది.

 చేసే పనిలో అల్లాహ్ మనకు చిత్తశుద్ధినీ ఓపికనూ ప్రసాదించుగాక, ఆమీన్. ఖుదా హాఫిజ్.